క్లిక్కర్లా, అట్టముక్కలా?

డెమో అయ్యేసరికి ఒంటిగంట దాటింది. సెమినార్ హాల్లో గోడకి ఆనించి నిలబెట్టిన పెద్ద ప్యానెల్ మీద గుండె బొమ్మ ఒకటి గిరగిరా తిరుగుతోంది. మాది ఇంజినీరింగ్ కాలేజీ, గుండెతో మనకేం పని అని ఎవరూ అడగలేదు. కంపెనీ కుర్రాడు వేలితో తాకగానే గుండె నాలుగు గదులుగా విడిపోయింది. మా సెక్రటరీ గారు "బాగుందయ్యా" అన్నారు. ఆయన నోట ఆ మాట వస్తే కొన్నట్టే లెక్క.

నేను గోదావరి జిల్లాల్లో ఒక ప్రైవేటు కాలేజీలో ట్రిపుల్ఈ, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచి వాళ్ళకి సర్క్యూట్స్ చెబుతాను. కాలేజీ పేరు వద్దు. ఆ ఏడాది నన్ను పర్చేజ్ కమిటీలో వేశారు. నా తెలివి చూసి వేశారనుకున్నాను, కమిటీలో ఒక ఆడమనిషి ఉండాలని వేశారట. కంపెనీ తెచ్చిన ప్యాకేజీలో మూడున్నాయి. క్లాసుకో ప్యానెల్, పాఠాలూ అసైన్‌మెంట్లూ పెట్టుకోవడానికి ఎల్ఎమ్ఎస్, పిల్లలు ఫోన్లో నొక్కి జవాబు చెప్పే క్లిక్కర్ యాప్. మొదటిదానికి ఒకేసారి డబ్బు, మిగతా రెండిటికీ ఏటా పిల్లాడికి ఇంత అని.

అందరూ భోజనాలకి లేవబోతుంటే అడిగాను. "ఇవి వాడిన చోట పిల్లలకి చదువు ఎంత ఎక్కువ వచ్చిందో ఎవరైనా చూశారా అండీ?"

"చూశాం మేడం, వైట్ పేపర్ ఉంది" అని ఆ కుర్రాడు రంగురంగుల పుస్తకం చేతిలో పెట్టాడు. ప్రిన్సిపల్ గారు "నువ్వే చదివి చెప్పమ్మా, రెండు వారాల్లో" అన్నారు. చేతులు కడుక్కునే చోట మా హెచ్‌వోడీ గారు నవ్వారు. "ఊరికే కూర్చుంటే పోయేదిగా" అని.

వైట్ పేపర్లో సగం ఫొటోలే. మిగతా సగంలో మూడు రకాల లెక్కలున్నాయి. పిల్లలు ఎన్నిసార్లు లాగిన్ అయ్యారు అన్నది ఒకటి. అటెండెన్స్‌కి లింకు పెడితే నేనైనా రోజుకి రెండుసార్లు లాగిన్ అవుతాను. ఎంతమందికి నచ్చింది అన్నది రెండోది. మూడోది కొంచెం గట్టిగా కనబడింది. వాడకముందు ఏడాది పాస్ శాతం ఇంత, వాడిన ఏడాది ఇంత అని రెండు గీతలు, రెండోది పొడుగ్గా. పదిహేనేళ్ళుగా పేపర్లు దిద్దుతున్న మనిషిని కదా, ఆ గీతని నమ్మబుద్ధి కాలేదు. బ్యాచ్ మారింది, క్వశ్చన్ పేపర్ మారింది, దిద్దినవాళ్ళు మారారు. మా దగ్గరైతే యూనివర్సిటీ రెగ్యులేషన్ ఆర్20 పోయి ఆర్23 వచ్చిన ఏడాది సిలబస్సే మారింది. వీటన్నిటి మధ్య పాస్ శాతం పెరిగితే ఆ పుణ్యం ప్యానెల్ ఖాతాలో ఎలా వేస్తాం?

సరే, పరిశోధన ఏమంటోందో చూద్దామని కూర్చున్నాను. ఇక్కడ మొదటి దెబ్బ తగిలింది. మా లైబ్రరీకి ఇంజినీరింగ్ జర్నల్స్ వస్తాయి. చదువు చెప్పడం మీద వచ్చే జర్నల్ ఒక్కటీ రాదు. మేం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పని అదే అయినా సరే. గూగుల్ స్కాలర్‌లో పేరు దొరుకుతుంది, తెరిస్తే డబ్బు కట్టమంటుంది. కొన్ని పేపర్లు రాసినవాళ్ళ సొంత పేజీల్లో ఊరికే దొరికాయి. దొరకనివాటికి రాసినవాళ్ళకే మెయిల్ పెట్టాను. అడగడానికి మొదట సిగ్గేసింది. పెట్టినవాటిలో చాలావాటికి జవాబొచ్చింది, మరుసటి రోజే పీడీఎఫ్ పంపినవాళ్ళున్నారు. ఈ దారి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, అడగండి.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. "టెక్నాలజీ వాడితే చదువు బాగుపడుతుందా" అని వెతికితే ఏం కావాలంటే అది దొరుకుతుంది. అవుననే పేపర్లున్నాయి, కాదనేవీ ఉన్నాయి, ఎక్కువ భాగం ఏ తేడా లేదనేవి. థామస్ రసెల్ అనే ఆయన 1999లో 355 అధ్యయనాలూ నివేదికలూ ఒకచోట చేర్చి పుస్తకమే వేశారు. పుస్తకం పేరే చెప్పుకోదగ్గ తేడా లేదని. అంతకుముందే, 1983లో, రిచర్డ్ క్లార్క్ ఒక పోలిక చెప్పారు. సరుకులు మోసుకొచ్చే బండిని బట్టి మన ఒంటికి బలం రాదు, పాఠాన్ని మోసే యంత్రాన్ని బట్టి చదువూ రాదు అని. కొత్త యంత్రం రాగానే కనిపించే లాభంలో కొంత ఆ కొత్తదనం వల్లే వస్తుందనీ, పాతబడేకొద్దీ తగ్గిపోతుందనీ కూడా ఆయన వాదన. రాబర్ట్ కోజ్మా అనే మరొకాయన దీన్ని ఒప్పుకోలేదు. యంత్రంతోనే సాధ్యమయ్యే పనులు కొన్ని ఉంటాయని ఆయన అన్నారు. నాకు ఇద్దరిలోనూ న్యాయం కనిపించింది. రెసొనెన్స్ దగ్గర ఫ్రీక్వెన్సీ మారుస్తుంటే కరెంటు ఎలా లేచి పడుతుందో సిమ్యులేషన్‌లో చూపించినట్టు నేను చాక్‌పీసుతో చూపించలేను. కానీ మా ముందున్న ప్యాకేజీలో అలాంటిదేం లేదు. పీపీటీలు పెద్దగా కనిపించడం తప్ప.

రెండు వారాల గడువు ఇలా గడిచిపోయింది. నా దగ్గర జవాబు లేదు. ప్రిన్సిపల్ గారు కారిడార్లో కనబడితే అటు తిరిగి వెళ్ళిపోయేదాన్ని.

మలుపు ఒక మిడ్ పరీక్ష ఇన్విజిలేషన్‌లో వచ్చింది. గంటన్నర కాళ్ళు ఈడ్చుకుంటూ తిరగడమే కదా పని. మిగిలిపోయిన అడిషనల్ షీట్ మీద రాసుకున్నాను, ఈ మూడు వస్తువులూ ఉన్నప్పుడు క్లాసులో పిల్లాడు ఏం చేస్తాడు అని. ప్యానెల్ ఉంటే చూస్తాడు. ఇప్పుడూ చూస్తూనే ఉన్నాడు. ఎల్ఎమ్ఎస్ ఉంటే నోట్స్ దించుకుంటాడు. ఇప్పుడు వాట్సాప్‌లో దించుకుంటున్నాడు. క్లిక్కర్ ఉంటే మాత్రం ఒక కొత్త పని చేస్తాడు, ఆలోచించి తన జవాబు తనే ఎంచుకుంటాడు. అప్పుడు వెతకాల్సింది యంత్రాల పేర్లతో కాదని అర్థమైంది. పిల్లాడు చేసే పని పేరుతో వెతకాలి.

అలా వెతికితే ఒక్కసారి తలుపులు తెరుచుకున్నట్టయింది. స్కాట్ ఫ్రీమన్, ఇంకొందరు 2014లో సైన్సు, ఇంజినీరింగ్, గణితం క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాలని కలిపి చూశారు. పిల్లల చేత క్లాసులో ఏదో ఒక పని చేయించిన చోట సగటున ఫెయిలైనవాళ్ళు 21.8 శాతం. లెక్చరర్ చెబుతుంటే వింటూ కూర్చున్న చోట 33.8 శాతం. రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగం ఇంకొకటి. చదివిందే మళ్ళీ చదివినవాళ్ళు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు వారం తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పరీక్ష ముందురోజు రాత్రి ఆల్ ఇన్ వన్ చదివి పాసయ్యే మా పిల్లలకి, పాసయ్యాక ఏమీ గుర్తులేకపోవడానికి, ఇంతకంటే మంచి వివరణ నేను వినలేదు.

క్లిక్కర్ల వెనకున్న పద్ధతి హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్‌ది. 1991లో మొదలుపెట్టారు. ఒక ప్రశ్న వేస్తారు. ఎవరికి వాళ్ళు జవాబు ఎంచుకుంటారు. తప్పులు బాగా వస్తే జవాబు చెప్పకుండా "పక్కవాళ్ళని ఒప్పించండి" అంటారు. రెండు మూడు నిమిషాల గోల. మళ్ళీ జవాబు. ఆ తర్వాతే వివరణ. ఇక్కడ ఒక సంగతి నాకు బాగా దగ్గరగా అనిపించింది. సర్క్యూట్ లెక్కలు సమీకరణాలు వేసి చేసేసే పిల్లలు కూడా, స్విచ్ వేస్తే ఏ బల్బు వెలుగు పెరుగుతుంది అంటే తడబడుతున్నారని ఆయన గమనించారు. నేనూ రోజూ చూస్తున్నదే అది.

ఆ తర్వాత నాథానియెల్ లాస్రీ 2008లో రాసిన చిన్న పేపర్ దొరికింది. కెనడాలో ఒక కాలేజీలో ఇదే పద్ధతిని ఒక క్లాసులో క్లిక్కర్లతో, ఇంకో క్లాసులో జవాబుకొకటి చొప్పున ఎత్తి చూపే అట్టముక్కలతో చేయించారు. పిల్లలకి వచ్చిన చదువులో తేడా లేదు. అట్టముక్కలు! ఏటా లక్షలు పోయాల్సిన యాప్ చేసే పని ఇదా అని రాత్రి పదకొండింటికి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మా ఆయన లేచొచ్చి ఏమైందని అడిగారు.

ఈ కట్టంతా తీసుకెళ్ళి డిపార్ట్‌మెంట్‌లో చూపించాను. మా సీనియర్ సార్ ఒకాయన శ్రద్ధగా విని, "అంతా బానే ఉందమ్మా, వాళ్ళు హార్వర్డ్ పిల్లలు. మనవాళ్ళు బస్సు దిగేసరికే సగం అలిసిపోయి వస్తారు" అన్నారు. తీసిపారేసే మాట కాదు. నేను మన దేశంలోది కూడా ఒకటి చూపించాను. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఢిల్లీలో చేసిన అధ్యయనం, 2019లో వచ్చింది. ఈయన అంతకుముందు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఏళ్ళ తరబడి పరిశోధన చేసినవారే. లాటరీ తీసి కొందరు పిల్లల్ని సాయంత్రం పూట కంప్యూటర్ సెంటర్‌కి పంపితే నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ బాగా పుంజుకున్నారు. అక్కడ సాఫ్ట్‌వేర్ చేసిన పని, ఏడో క్లాసు పిల్లాడు నాలుగో క్లాసు దగ్గర ఆగిపోయి ఉంటే అక్కణ్ణుంచి మొదలుపెట్టడం. అదే పెరూలో మూడొందల పైచిలుకు బడులు తీసుకుని, వాటిలో కొన్నిటిలో పిల్లలకి ల్యాప్‌టాప్‌లు పంచి పోల్చి చూస్తే లెక్కల్లోనూ భాషలోనూ మెరుగేమీ కనిపించలేదని 2012లో తేలింది. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అవి స్కూలు పిల్లలు" అన్నారు. ఆయనా కరెక్టే. మన క్లాసులో చూస్తే తప్ప తేలేది కాదు.

కంపెనీ వాళ్ళు యాప్‌ని నెల రోజులు ఉచితంగా ఇస్తామన్నారు. నాకు రెండో ఏడాది ఏ, బీ రెండు సెక్షన్లూ ఉన్నాయి. ఏ సెక్షన్‌లో యాప్, బీ సెక్షన్‌లో అట్టముక్కలు, చివర్లో ఒకే పరీక్ష. తేలిక అనుకున్నాను. హాజరు పట్టీ చూస్తే గాని తప్పు తెలియలేదు. హాల్‌టికెట్ నంబర్లో 5ఏ ఉండేవాళ్ళు, అంటే డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్ళు, అందరూ బీ సెక్షన్‌లోనే ఉన్నారు. నంబర్ల వరసలో చివరికి వస్తారు కాబట్టి చివరి సెక్షన్‌లో పడతారు. వాళ్ళు డిప్లొమాలో సర్క్యూట్లు చదివే వచ్చారు. ఆ రెండు సెక్షన్లనీ పక్కపక్కన పెట్టి పోలిస్తే కంపెనీ వాళ్ళ గీతలకీ నా గీతలకీ తేడా ఉండదు. అందుకని మార్చాను. మొదటి యూనిట్‌కి ఏ వాళ్ళకి యాప్, బీ వాళ్ళకి అట్టలు. రెండో యూనిట్‌కి అటుదిటు. రెండు టాపిక్‌లు మాత్రం ఇద్దరికీ మామూలుగా బోర్డు మీదే. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష, ఎవరు ఎక్కడున్నారో తెలియడానికి.

అట్టలు శుభలేఖలు అచ్చేసే ప్రెస్‌లో దొరికాయి. మిగిలిపోయిన ముక్కలు, నాలుగు రంగులు. కోసినందుకు రెండొందల చిల్లర తీసుకున్నాడు. మా ల్యాబ్ అసిస్టెంట్ మూలకి చిల్లు వేసి తాళాల గుత్తిలా దారం కట్టాడు. పసుపు అట్ట వెనక కొన్నిటి మీద సగం విరిగిన వినాయకుడు ఉండేవాడు, పిల్లలు ఆ గుత్తుల కోసం కొట్టుకునేవారు.

యాప్‌కి వేరే కష్టం. మా కాలేజీలో క్లాసుకి ఫోన్ తెస్తే లాక్కుంటారు. డిసిప్లిన్ కమిటీ నుంచి లెటర్ తెచ్చుకునేసరికి వారం పోయింది. మొదటి రోజు అరవై ఫోన్లు వైఫై మీద పడగానే అది చతికిలపడింది. యాభై నిమిషాల పీరియడ్‌లో ఇరవై నిమిషాలు "మేడం, తిరుగుతూనే ఉంది" అనడంతోనే సరిపోయింది. మూడో క్లాసుకి కుదురుకుంది. కుదురుకున్నాక దానికి ఒక మంచి గుణం కనబడింది, దాచను. చివరి బెంచీలో ఏనాడూ నోరెత్తని ఒకమ్మాయి రోజూ కరెక్టు జవాబు పెడుతోందని నాకు ఆ రిపోర్టు చూశాకే తెలిసింది. అట్టలతో మొదట అందరూ టాపర్ ఏ రంగు ఎత్తుతాడా అని చూసేవారు. ఒకటి రెండు మూడు అనగానే కళ్ళు మూసుకుని గుండెలకి ఆనించి పట్టుకోవాలని రూలు పెడితే అది తగ్గింది.

బల్బుల ప్రశ్న వేసిన రోజు గుర్తుంది. ఒకేలాంటి మూడు బల్బులు. ‘ఏ’ అనే బల్బు సీరీస్‌లో ఉంది, దాని తర్వాత ‘బీ’, ‘సీ’ పారలల్‌లో. సీ ని తీసేస్తే బీ వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అంతేనా, ఆరిపోతుందా? ముందురోజే మెష్ అనాలిసిస్ లెక్కలు గడగడా చేసిన పిల్లలు. క్లాసంతా పసుపే, అంటే "అంతే ఉంటుంది" అని. పక్కవాళ్ళని ఒప్పించమన్నాను. ఎంత అరిచారంటే పక్క క్లాసు సార్ తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్ళారు. రెండోసారి ఎత్తమంటే ఎరుపు సగం పైగా లేచింది. ‘బీ’ వెలుగు పెరుగుతుంది, ‘ఏ’ వెలుగు తగ్గుతుంది. ఒక కుర్రాడు నమ్మలేక ల్యాబ్‌కి పోయి కట్టి చూసుకొచ్చాడు.

పక్కవాడిది చూసి మార్చుకున్నారేమో అని మీకూ అనిపిస్తుంది, మా సార్‌కీ అనిపించింది. 2009లో కొలరాడో యూనివర్సిటీ జెనెటిక్స్ క్లాసులో ఈ అనుమానం మీదే పని చేశారు. చర్చ అయ్యాక అదే సూత్రం మీద ఇంకో కొత్త ప్రశ్న ఇచ్చి ఎవరికి వాళ్ళని చేయమన్నారు. కరెక్టు జవాబు తెలిసినవాడు ఒక్కడూ లేని గుంపుల్లో కూడా చర్చ తర్వాత మెరుగుపడ్డారు. నేనూ ఆ జత ప్రశ్నల పద్ధతే పెట్టుకున్నాను. జత ప్రశ్న తయారుచెయ్యడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక్కోదానికి రెండేసి గంటలు.

దసరా సెలవుల తర్వాత చెప్పకుండా పరీక్ష పెట్టాను. పేర్లు లేకుండా కోడ్ నంబర్లు వేసి మా సీనియర్ సార్ చేతే దిద్దించాను. నన్ను నేను నమ్మలేక. యాప్‌తో చెప్పినదానికీ అట్టలతో చెప్పినదానికీ తేడా ఒక మార్కు కూడా రాలేదు. ఆలోచించి చెప్పే ప్రశ్నల్లో, బోర్డు మీద ఊరికే చెప్పిన రెండు టాపిక్‌లు బాగా వెనకబడ్డాయి, కాకపోతే ఆ టాపిక్‌లే కష్టమైనవని ఎవరైనా అంటే కాదనలేను. సమీకరణాలు వేసి చేసే మామూలు లెక్కల్లో మాత్రం ఎక్కడా తేడా లేదు. అనుకున్నంత గొప్పగా రాలేదని కొంచెం నిరాశపడ్డాను కూడా.

ఈలోగా మధ్య సెమిస్టర్ ఫీడ్‌బ్యాక్ వచ్చింది. నా స్కోరు పడిపోయింది. "మేడం చెప్పడం మానేసి మా చేతే చెప్పిస్తున్నారు" అని ఒకరు రాశారు. మాకు ఫీడ్‌బ్యాక్ స్కోరుకీ ఇంక్రిమెంటుకీ ముడి ఉంది. ఆ రెండు రోజులు అన్నం సయించలేదు. హార్వర్డ్ ఫిజిక్స్ పిల్లల మీదే 2019లో వచ్చిన డెలోరియర్స్ పేపర్ ఒకటుంది. పని చేయించిన క్లాసులో పిల్లలు ఎక్కువ నేర్చుకుని కూడా, తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారట. దాన్ని ప్రింట్ తీసి ఫీడ్‌బ్యాక్ కాగితానికి పిన్ను కొట్టి హెచ్‌వోడీ గారికి ఇచ్చాను. "ఇంగ్లీషు పేపర్ పెట్టి తప్పించుకుంటావా" అన్నారు గానీ సంతకం పెట్టేశారు.

కమిటీ మీటింగ్‌కి నేను పట్టుకెళ్ళింది రెండు పేజీలే. ఏవో గారు, అంటే మా అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్, తిరగేసి, "అంటే ఏదీ కొనొద్దంటారా మేడం?" అన్నారు. అదేం కాదన్నాను. ఎల్ఎమ్ఎస్ కావాలి, పిల్లలు వారం వారం గుర్తు తెచ్చుకుని రాసే చిన్న క్విజ్‌ల కోసం. దానికి మూడుల్ సరిపోతుంది, 2002 నుంచీ ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. ఉచితమంటే ఖర్చు లేనిదని కాదు, బ్యాకప్ తీసే మనిషి కావాలి. అసలు ఖర్చు ప్రశ్నలది. మంచి ప్రశ్న రాసినవాళ్ళకి పేపర్ సెట్టింగ్‌కి ఇచ్చినట్టు రెమ్యునరేషన్ ఇవ్వాలి. ఏవో గారు నిజంగానే బాధపడుతూ చెప్పారు. "ప్యానెల్‌కి బడ్జెట్ హెడ్ ఉంది మేడం. ప్రశ్నలకి లేదు."

సెక్రటరీ గారి చింత వేరు. కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్‌కి పంపే రిపోర్టులో ఐసీటీ, అంటే కంప్యూటర్, ఇంటర్నెట్ లాంటి వసతులున్న గదులెన్ని అని రాయాలి, అట్టముక్కలు రాస్తామా? కొత్త విద్యావిధానం 2020లోనే ఇలాంటి టెక్నాలజీ మీద ఆధారాలతో సలహా ఇచ్చే జాతీయ వేదిక ఉండాలని రాశారని నేను అన్నాను. ఆయన తలూపారు. తలూపడం వేరు, ఒప్పుకోవడం వేరు. చివరికి ముప్పై రెండు ప్యానెళ్ళకి బదులు నాలుగు కొన్నారు. యాప్ ఆగిపోయింది. మూడుల్ సీఎస్ఈ ల్యాబ్‌లో ఒక పాత సర్వర్ మీద ఎక్కింది. ప్రశ్నల రెమ్యునరేషన్ ఒక్క సెమిస్టర్‌కి "ఇతర ఖర్చులు" కింద పాసయ్యింది, తర్వాత ఆగింది. ఇప్పుడు నేనూ, మా సీనియర్ సారూ, మెకానికల్‌లో ఒకబ్బాయీ ఊరికే రాస్తున్నాం. మా సార్ క్లాసులో కూడా అట్టలు వచ్చాయి, ఆయన అడిగి మరీ పట్టుకెళ్ళారు.

మొన్న మళ్ళీ డెమో. ఈసారి ఏఐ ట్యూటర్. నేను ముందే చదువుకుని వెళ్ళాను. టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు పిల్లలతో చేసిన అధ్యయనం, 2025లో వచ్చింది. చాట్‌బాట్ ఊరికే అందుబాటులో పెడితే ప్రాక్టీసు లెక్కల్లో 48 శాతం మెరుగయ్యారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే అది అసలు వాడనివాళ్ళ కన్నా 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా కట్టిన రకంతో ఆ నష్టం చాలావరకు తప్పింది. మీదేది, మొదటిదా రెండోదా అని అడుగుదామని నోట్ చేసుకున్నాను.

వచ్చింది ఆ కుర్రాడే, కంపెనీ మారాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి నవ్వాడు. "మేడం, మీకోసమే. ఈసారి కంట్రోల్ గ్రూపు కూడా ఉంది" అని పుస్తకం నా ముందు పెట్టాడు. మెచ్చుకోవాలనిపించింది. పేజీలు తిప్పి కంట్రోల్ గ్రూపు, అంటే అది వాడకుండా పోలిక కోసం పెట్టుకున్నవాళ్ళు, ఎవరా అని చూశాను. పోయినేడాది బ్యాచ్.